గుర్రానికి హాజరు వేసిన టీచరుగారు

టీచరుగారు పోయారన్న కబురు నాకు గుర్రాల చాచా చెప్పాడు. ఆవిడ పక్క వాటాలో ఆరేళ్లుగా ఉంటున్న నాకు, ఊరి చివర మైదానంలో గుర్రాలకు మేత వేసే మనిషి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. దానికీ కారణం ఆవిడే. తెల్లవారి ఆసుపత్రిలో ఆవిడ తమ్ముడు, అయినవాళ్లకు చెబుదామని ఆవిడ ఫోన్ తీశాడట. అందులో అన్నిటికన్నా పైన ఉన్న పేరు ‘ఎ గుర్రం’. వరసలో కిందికి పోకుండా ముందు ఒక ‘ఎ’ తగిలించుకున్నారు. తమ్ముడు అది ఇంటిపేరనుకున్నాడు. గుర్రం వారెవరో దగ్గర చుట్టాలై ఉంటారని మొదటి ఫోన్ వాళ్లకే చేశాడు.

చాచా నాతో, “అమ్మా, టీచరమ్మ...” అని జరిగింది చెప్పాడు. తర్వాత, “మొదలు నాకే చెప్పిన్రమ్మా” అన్నాడు. ఏడుస్తున్న గొంతే. అయినా అందులో కొంచెం గర్వం వినిపించింది. ఆ మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో మా ఇంటి ముందు తమ్ముడు, గుర్రం వారు ఇంకా రాలేదా అని వచ్చినవాళ్లనల్లా అడుగుతుంటే, గేటు పక్కన నిలబడ్డ చాచా టోపీ సర్దుకుని ముందుకు వచ్చి, నేనే సాబ్ అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను. చూసినవాళ్లు ఏడుస్తున్నాననుకున్నారు. అదీ నిజమే.

మీలో ఎవరైనా నారాయణగూడ వైపు ఆడపిల్లల బడిలో చదివి ఉంటే, ఆవిడ దగ్గరే లెక్కలు నేర్చుకుని ఉండవచ్చు. నేర్చుకున్నవాళ్లయితే ఈపాటికి నిటారుగా కూర్చుని ఉంటారు. ముప్పై మూడేళ్లు చెప్పారు. గంజిపెట్టిన నేతచీర, ఎడమచేతికి మగవాళ్ల వాచీ, ఎండైనా వానైనా విప్పని గొడుగు. అది ఎవరినైనా చూపించి మాట్లాడడానికి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే టైంటేబుల్లో పీరియడ్ దొరకలేదనేవారు. మా గల్లీ నిండా పెద్ద ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్లలు. టీ బండి దగ్గర నిలబడి రాజ్యాంగం గురించి గట్టిగా వాదించుకునేవాళ్లు. చివర మలుపులో గొడుగు కనబడితే చాలు, గ్లాసులు అక్కడే పెట్టి పక్క సందులోకి మాయమయ్యేవాళ్లు. ఆవిడ ఆగి, రెండు నల్లాలు ఒక తొట్టిని ఎంతసేపట్లో నింపుతాయని అడుగుతారని భయం.

మాది విజయవాడ వైపు. 2008లో ఆ ఇంట్లో కిరాయికి దిగాం. నా మాటలో ‘అండీ’లు ఎక్కువని ఆవిడ మొదటి ఫిర్యాదు. మా అమ్మాయికి అప్పటికి అయిదేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై కాళ్ల కండరాలు బిగుసుకుపోయాయి. వాకరు పట్టుకుని మునివేళ్ల మీద నాలుగడుగులు వేసేది. మిగతావి, మాటా తెలివీ పంతమూ, ఇద్దరు పిల్లలకు సరిపడా ఉండేవి. మరుసటేడు వానాకాలంలో, దానికి వ్యాయామం చేయించే డాక్టరమ్మ గుర్రపు స్వారీ మాట ఎత్తింది. ఊరి చివర ఒక మైదానంలో ఆదివారం ఉదయాలు ఇలాంటి పిల్లలను గుర్రం మీద కూర్చోబెట్టి నడిపిస్తారు, తీసుకురండి అంది. మావారికి ఆదివారం డ్యూటీ. నేనొక్కదాన్నే తీసుకెళ్లాలి. ఆ రాత్రి మేమిద్దరం దాని గురించి మాట్లాడుకున్నది గోడ అవతలికి వినిపించింది. పొద్దున్నే టీచరుగారు గొడుగుతో మా గుమ్మంలో ఉన్నారు.

“రెండు కాళ్లు సరిగ లేని పిల్లను, నాలుగు కాళ్లున్నదాని మీద ఎక్కిస్తవా బిడ్డా? జర దిమాగ్ పెట్టి ఆలోచించినవా?”

డాక్టరు చెప్పారండీ అన్నాను. ఆ డాక్టరు ఎవరో తానూ చూస్తానన్నారు. అలా మొదటి ఆదివారం ఆవిడ మాతో వచ్చింది పిల్లను గుర్రం ఎక్కించడానికి కాదు, ఎక్కనివ్వకుండా ఆపడానికి.

మైదానంలో డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. మనిషి నడుస్తుంటే నడుము ఎలా కదులుతుందో, గుర్రం నడుస్తుంటే దాని మీద కూర్చున్న మనిషి నడుమూ దాదాపు అలాగే కదులుతుంది. కాళ్లకు చేతకాని నడక నడుముకు ముందుగా అలవాటవుతుంది. వెన్ను నిలబడడం నేర్చుకుంటుంది. ఆవిడ అంతా విన్నారు గానీ నమ్మలేదు. లెక్కల టీచరుకు నిరూపణ కావాలి. గొడుగు నాకిచ్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అక్కడ నడుస్తున్న తెల్లటి ఆడగుర్రం వెనక తనూ నడవడం మొదలుపెట్టారు. దాని తుంటి వైపు ఒక చూపు, తన తుంటి వైపు ఒక చూపు. పిల్లల తల్లిదండ్రులందరూ మాటలాపి చూస్తున్నారు. చాచా మాత్రం, వెనకకు పోవద్దు టీచరమ్మా, తంతది అని అరిచాడు.

“నన్నెందుకు తంతది? నేనేమన్న అన్ననా దాన్ని?” అని ఆవిడ మైదానం చివరిదాకా వెళ్లి వచ్చారు. వాచీ చూసుకున్నారు. లెక్క సరిపోయిందని చెప్పి గొడుగు తీసుకున్నారు.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ రోజు ఒక సహాయకుడు రాలేదు. ఒక పిల్లను గుర్రం ఎక్కిస్తే ముందు పగ్గం పట్టుకునేవాళ్లు ఒకరు, అటూ ఇటూ పిల్ల తొడ మీద చెయ్యివేసి నడిచేవాళ్లు ఇద్దరు ఉండాలి. తల్లుల్ని పక్కన నడవనివ్వరు, మేం పిల్లలకన్నా ఎక్కువ భయపడతామని. డాక్టరమ్మ చుట్టూ చూసి టీచరుగారిని అడిగింది. ఆవిడ చెంగు బిగించి దోపుకున్నారు. మా అమ్మాయి గుర్రం మీద, ఆవిడ దాని ఎడమ పక్కన. సగం చుట్టు తిరిగేసరికి గుర్రం మెడ తిప్పి ఆవిడ ముడిలోని మల్లెల దండ నోట కరుచుకుంది. ఆవిడ చెయ్యి మా అమ్మాయి మీద నుంచి కదల్లేదు. తల మాత్రం తిప్పి, “ఏయ్. క్లాసుల తినుడేంది?” అన్నారు, అదే గొంతుతో, ముప్పై మూడేళ్లు వాడిన గొంతుతో. గుర్రం నమలడం ఆపేసింది. సగం దండ నోట్లో వేలాడుతుండగా చుట్టు పూర్తయ్యేదాకా దవడ కదపలేదు. చాచా తర్వాత ఎన్నోసార్లు ఈ సంగతి చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా దండ కొంచెం పొడుగయ్యేది.

తర్వాతి ఆదివారం మేం తలుపు తీసేసరికి ఆవిడ కాన్వాసు బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆపడానికా అని అడగలేదు నేను.

ఆ గుర్రం పేరు చాందినీ. టీచరుగారు ఒక హాజరు పట్టీ తెచ్చారు. అందులో పిల్లల పేర్లు, సహాయకుల పేర్లు, చివర ‘కుమారి చాందినీ’. పేరు పిలిచాక అది ముక్కుతో బుసకొడితేనే టిక్కు పెట్టేవారు. కొట్టకపోతే ఎదురుగా నిలబడి ఎదురుచూసేవారు. ఆ రోజుల్లో తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతుండేవి. బంద్ ఆదివారం పడితే బస్సుండదు, ఆటో ఉండదు. అప్పుడు చాచాకు ఫోన్ చేసి, దాని చెవి దగ్గర పెట్టమనేవారు. అటునుంచి బుస వినిపిస్తేనే పట్టీ మూసేవారు. మావారు ఇది చూసి, ఆవిడకు కొంచెం తేడా చేసిందేమో అన్నారు. మా అమ్మాయి ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

చిక్కడపల్లి మార్కెట్లో క్యారెట్లు కొనడం ఇంకో ఘట్టం. గుర్రానికని తెలిసి కూరగాయల ఆవిడ ఒకసారి వాడిపోయినవి తూచింది. టీచరుగారు సంచీ తిరిగి బల్ల మీద కుమ్మరించి, “ఇవి మనుషులకైతే నడుస్తయి, గుర్రానికి నడవవు” అన్నారు. పక్కన అవే క్యారెట్లు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు.

సహాయకులు ఎప్పుడూ తక్కువే. ఒక సాయంత్రం ఆవిడ టీ బండి దగ్గరికి పక్క సందులోంచి వచ్చారు. కోచింగ్ పిల్లలకు పారిపోయే దారి లేకపోయింది. కలెక్టర్లయ్యేదాకా జనానికి ఏ పనీ చెయ్యరా అని అడిగారు. ఆ ఆదివారం ఆరుగురు వచ్చారు. అందులో అయిదుగురికి గుర్రమంటే భయం. ఆరోవాడికి భయం లేదు గానీ లద్దెలో జారి కూర్చున్నాడు. వాళ్లతో ఆవిడ చెప్పింది నాకిప్పటికీ పనికొస్తోంది. “భయపడుడు తప్పు గాదు. భయపడి చెయ్యి వదులుడు తప్పు.” నలుగురు మానలేదు. పరీక్ష దగ్గరపడ్డా ఆదివారాలు వచ్చారు.

ఇక జ్యేష్ఠమాసంలో జరిగింది చెప్పాలి. మేం వెళ్లడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. మైదానం పక్కనే ఒక ఫంక్షన్ హాలు కొత్తగా తెరిచారు. ఎండ ముదరకముందే స్వారీ ముగించాలని పొద్దున్నే మొదలుపెట్టాం. చాందినీ మీద మా అమ్మాయి, ముందు చాచా, ఎడమవైపు టీచరుగారు, కుడివైపు కోచింగ్ అబ్బాయి ఒకడు. నేను చెట్టు కింద. అప్పుడు గోడ అవతల రోడ్డు మీద పెళ్లివారి బ్యాండు ఒక్కసారిగా అందుకుంది.

చాందినీ ఆగింది. చెవులు నిక్కబొడుచుకుంది. తర్వాత ముందుకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దరువుకు సరిగ్గా వెయ్యడం మొదలుపెట్టింది. మెడ విల్లులా వంచి, పక్కకు రెండడుగులు, మళ్లీ ఇటు రెండడుగులు. చాచా పగ్గం దగ్గరికి లాగి ఏదో బుజ్జగిస్తున్నాడు. కుడివైపు అబ్బాయి తెల్లబోయినా చెయ్యి తియ్యలేదు. ఎడమవైపు టీచరుగారు పిల్ల తొడ మీద చెయ్యి అలాగే ఉంచి, గుర్రం అటు రెండేస్తే తానూ అటు రెండు, ఇటు రెండేస్తే తానూ ఇటు రెండు. అరవై రెండేళ్ల మనిషి. చెంగు ఊడింది, ముడి ఊడింది, కళ్లజోడు ముక్కు చివరకు జారింది. దాన్ని సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాక్టరమ్మ పరిగెత్తుకు వచ్చేలోపు బ్యాండు ముందుకు సాగిపోయింది, గుర్రం నిలబడింది. నేను వెళ్లి పిల్లను దించుకున్నాను. అది పకపకా నవ్వుతోంది. “అమ్మా, నేను పట్టుకోలేదు. చూశావా, రెండు చేతులూ వదిలేశాను” అంది.

నేను చూడలేదు. డాక్టరమ్మ చూసింది. వెన్ను అంత నిటారుగా అది ఎన్నడూ కూర్చోలేదని తర్వాత ఒప్పుకుంది. కానీ ఆ పూట ఆమె మొహం ఎర్రబడి ఉంది. చాచాను పిలిచి నిలదీసింది. చాచా తల వంచుకుని, ఇక్కడికి రాకముందు చాందినీ ఎనిమిదేళ్లు పెళ్లిళ్లలో పనిచేసిందనీ, చెబితే తీసుకోరని చెప్పలేదనీ అన్నాడు. దాని వీపు మీద ఎంతమంది పెళ్లికొడుకులు ఊరేగారో లెక్కలేదు.

“సర్టిఫికెట్ దాచినవన్నట్టు” అన్నారు టీచరుగారు, జుట్టు ముడివేసుకుంటూ.

డాక్టరమ్మ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఈసారి అదృష్టం బాగుంది, వచ్చేసారి పిల్ల పడితే? చాందినీ మీద ఇక పిల్లల్ని ఎక్కించబోమంది. గుర్రం యజమానికి చెబితే దాన్ని వెనక్కి తీసుకుంటాడు. మళ్లీ పెళ్లిళ్లకో, ఈ వయసులో ఇంకెక్కడికో. నేను తల్లిని, ఆమెతో ఏకీభవించాను. ఆ మాటకు టీచరుగారు నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. డాక్టరమ్మతో మాత్రం నెమ్మదిగానే మాట్లాడారు. “దానికి ఒక పాఠం తప్పు వచ్చింది. నేర్పినోళ్లు గట్ల నేర్పిన్రు. మళ్ల నేర్పాలె గని బడిల నుంచి పేరు కొట్టేస్తరా? నాకు రెండు నెలలియ్యండి.” పరీక్ష పెట్టండి, తప్పితే నేనే తీసుకెళ్లి యజమానికి అప్పగిస్తానన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా అమ్మాయి ఆవిడ ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. హిమాయత్‌నగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆవిడ అడగకుండానే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ క్లాసులో పోలియో వచ్చిన పిల్ల ఒకతె ఉండేదట. ఆటల పీరియడ్ వస్తే అందరినీ మైదానానికి పంపి, ఆ పిల్లను మాత్రం ప్రేమగా బెంచీ మీద కూర్చోబెట్టేవారు. అయిదేళ్లు అలాగే. పెద్దయ్యాక ఆ పిల్ల నారాయణగూడలో కనబడి, కాళ్లకు దండం పెట్టి, టీచర్, మీరు చాలా మంచిగా చూసుకున్నారు, కానీ వస్తావా అని ఒక్కసారి కూడా అడగలేదు అందట. “నేను మంచిదాన్ననే అనుకున్న బిడ్డా, గన్ని రోజులు” అన్నారు టీచరుగారు.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లుండవు, బ్యాండువాళ్లకు పనుండదు. చిక్కడపల్లిలో ఒక బ్యాండు మాస్టరు కూతురు ఒకప్పుడు ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకుందని ఆరా తీసి, ఆ పరిచయంతో ఎనిమిదిమందిని మైదానానికి తెప్పించారు. సాధనకు సాధన అవుతుంది, పులిహోర కూడా ఉంటుందన్నారు. వాళ్లు ఎర్ర కోట్లు వేసుకునే వచ్చారు, అవి లేకపోతే ఊపిరి సరిగ్గా రాదట. మాస్టరు మైదానమంతా చూసి, దుల్హా ఎక్కడమ్మా అని పెళ్లికొడుకు కోసం అడిగాడు. ఎవరూ లేరు, వాయించమన్నారు ఆవిడ. మొదట గోడకు అవతల, చాలా దూరంగా, ఒక్క డోలు. చాందినీ కాలు ఎత్తబోతే ఆవిడ గొడుగు చూపేవారు. కదలకుండా నిలబడితే క్యారెట్. తర్వాతి వారం ఇంకొంచెం దగ్గరగా. ఆ తర్వాత బాకాలు. వీపు మీద పిల్లలు లేరు, కోచింగ్ వాళ్లు మోసుకొచ్చిన ఇసుక బస్తా ఉంది. ఆ బస్తాకు అటూ ఇటూ చెయ్యివేసి ఇద్దరు కాబోయే అధికారులు గంభీరంగా నడిచేవాళ్లు. ఒక వారం చాందినీ అన్నీ మరిచిపోయి మళ్లీ చిందు వేసింది. చాచా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. టీచరుగారు మాత్రం, ఏడో ఎక్కం దగ్గర అందరూ ఒకసారి తప్పుతారన్నారు.

శ్రావణం ముందు ఆదివారం పరీక్ష. డాక్టరమ్మ గుర్రానికి ఎదురుగా నిలబడింది. బ్యాండు మొత్తం గేటు లోపలికే వచ్చింది. మాస్టరు చెయ్యి ఎత్తగానే ఎనిమిదిమందీ ఊపిరంతా పెట్టి వాయించారు. మైదానం చెట్ల మీది కాకులు లేచిపోయాయి. చాందినీ చెవులు కదిలాయి. మెడ కొంచెం వంగింది. నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు ఉండిపోయాయి. ఒక పాట, రెండో పాట. డాక్టరమ్మ కాళ్లనే చూస్తూ నిలబడింది. మూడో పాటకు ఆమె చూపు గుర్రం మీద నుంచి పక్కకు జరిగింది. టీచరుగారి కాన్వాసు బూటు దరువేస్తోంది. భుజాలు కూడా కొంచెం. ఆవిడకు తెలియదు. చాందినీ వైపు తీక్షణంగా చూస్తూ, గొడుగు పట్టుకుని, ఎవరూ చూడని క్లాసులో ఒంటరిగా ఉన్నట్టు ఆడుతున్నారు.

గుర్రం పాసైందని డాక్టరమ్మ ప్రకటించింది. టీచరుగారికి ఇంకో అవకాశం ఇస్తున్నానంది. అందరం నవ్వాం. ఆవిడ ముందు అర్థంకాక, తర్వాత కాళ్ల వైపు చూసుకుని, హాజరు పట్టీ తెరిచి అందులో మొహం దాచుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఆరు వారాలు వీపు మీద బస్తాతోనే నడిపించి, డాక్టరమ్మ ముందుగా తానే ఎక్కి కూర్చుని చూసి, అప్పుడే పిల్లల్ని ఎక్కించడం మళ్లీ మొదలుపెట్టింది. మొదట ఎక్కుతానని పంతం పట్టింది మా అమ్మాయి. ఈసారి నేను వద్దనలేదు.

కిందటేడు నుంచి ఆవిడ మోకాళ్లు సహకరించలేదు, తర్వాత గుండె. పిల్లల పక్కన నడవడం మానేశాక చెట్టు కింద కుర్చీ వేయించుకున్నారు. ఎవరి చెయ్యి కిందికి జారుతోందో అక్కణ్ణుంచే కనిపెట్టి పేరు పెట్టి పిలిచేవారు. ఆసుపత్రిలో చేర్చాక నేను సాయంత్రాలు వెళ్లేదాన్ని. ఒంట్లో ఎలా ఉందని నా ప్రశ్న. హాజరు ఎవరు వేస్తున్నారని ఆవిడ ప్రశ్న. మా అమ్మాయి వేస్తోందన్నాను. పట్టీ తెచ్చి చూపించమన్నారు. చూసి, ఏడు అంకెకు తోక పొడుగైందన్నారు. అదే నాతో ఆఖరి మాట. పెద్ద మాట ఏదైనా అనేవారేమోనని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆవిడ అలాంటి మాటలు చెప్పే మనిషి కాదు. పదకొండేళ్ల పిల్ల చేతిరాత బాగుపడాలి, అంతే.

ఆవిడ పోయిన తర్వాతి ఆదివారం మైదానానికి వెళ్లకూడదనుకున్నాను. మా అమ్మాయి బూట్లు వేసుకుని కూర్చుంది. వెళ్లాం. దానికి ఇప్పుడు వాకరు లేదు, రెండు చేతికర్రలతో నడుస్తుంది. స్వారీ అయ్యాక చాచా చాందినీని పాకలోకి తీసుకెళ్లబోతుంటే, తానూ వస్తానంది. కర్రలు రెండూ నా చేతికిచ్చి, గుర్రం మెడ మీది జూలు గుప్పిట పట్టుకుంది. నేను వెనకే నడిచాను. పాక ఎంతో దూరం లేదు. చాచా పగ్గం వదులుగా పట్టుకుని ముందు నిలబడ్డాడు, లాగలేదు. చాందినీ ఒక అడుగు వేసి ఆగింది. మా అమ్మాయి ఒక అడుగు వేసింది. గుర్రం చెవి ఒకటి వెనక్కి తిప్పి విన్నది. ఆ పిల్ల మడమ నేలకు ఆనేదాకా ఆగి, అప్పుడు ఇంకో అడుగు వేసింది.